ముసుగు క్రింద ముప్పై అయిదు రోజులు

ఈ సంచికకు ఏదైనా వ్రాసి ఇవ్వవలసినదిగా సంపాదకులు కోరినప్పుడు, యథాప్రకారం వెల్డుల పరీక్షను గురించి ఒక సాంకేతిక వ్యాసం ఇద్దామనుకున్నాను. ఇంతవరకు ఈ పత్రికలో నా పేరుతో వచ్చినవన్నీ అటువంటివే. కాని గత రెండేళ్ళుగా క్యాంటీనులోను, గేటు దగ్గరా, చివరకు సమీక్షా సమావేశాలలోను నన్ను చూసినవారందరూ అడుగుతున్న ప్రశ్న ఒక్కటే: "గొంతుకేమయింది సార్?" ఒక్కొక్కరికి ఒక్కొక్క ముక్క చెప్పి తప్పించుకుంటూ వచ్చాను. మొత్తం కథ ఒకసారి కాగితం మీద పెడితే అందరికీ ఒకే జవాబు చెప్పినట్లవుతుందని ఈ సాహసం చేస్తున్నాను. సాహిత్యం నా వృత్తి కాదు. తప్పులుంటే పాఠక మిత్రులు మన్నింతురు గాక.

నా ఉద్యోగ జీవితంలో అధికభాగం గామా రేడియోగ్రఫీలో గడిచింది. మన షాపులో తయారయ్యే పీడన పాత్రల వెల్డులలో కంటికి కనిపించని లోపాలను ఇరిడియం-192 కిరణాలతో ఫిల్ము మీదకు ఎక్కించి, వ్యూయరు వెలుగులో చూసి, ఇది పోరాసిటీ, ఇది స్లాగు, ఇది పనికివస్తుంది, ఇది కోసి మళ్ళీ వెల్డు చేయాలి అని తీర్పు చెప్పడం నా పని. ఆ మూలకపు అర్ధాయువు 74 దినాలు. నెలలు గడిచేకొద్దీ మూలం నీరసిస్తుంది, ఎక్స్‌పోజరు కాలం పెంచుకుంటూ పోవాలి. ఈ లెక్కలు నిద్రలో కూడా తప్పకుండా చెప్పగలిగిన నేను, నా గొంతులో పెరుగుతున్న లోపాన్ని మాత్రం నాలుగు నెలలు గుర్తించలేకపోయాను.

2022 నవంబరులో గొంతు బొంగురుపోవడం ఆరంభమయింది. మా సంఘంలో కీర్తన ఎత్తుకునేవాణ్ణి నేను. మాది ఆర్గాను, గిటార్ల సంఘం కాదు. హార్మోనియం, డోలక్కు, తాళాలు, ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం. పురుషోత్తమ చౌదరి గారి వంటి పందొమ్మిదవ శతాబ్దపు వాగ్గేయకారుల కృతులు రాగ తాళ నిర్దేశంతో సహా అందులో ఉన్నాయి. డిసెంబరులో రాత్రుళ్ళు ఇంటింటికీ తిరిగి పాడే క్రిస్మస్ పాటల వలన గొంతు పోయిందని అందరం అనుకున్నాం. సంక్రాంతి దాటినా తిరిగిరాలేదు. నేను చూపించుకున్న ఒక వైద్యుడు రెండు విడతల యాంటీబయాటిక్సు, ఉప్పునీళ్ళ పుక్కిలింత వ్రాసి పంపించారు. మూడు వారాలకు మించి గొంతు బొంగురుగా ఉంటే గొట్టం వేసి లోపలికి చూడవలసిందేనన్న సంగతి నాకు తరువాత తెలిసింది. వెల్డు మీద అనుమానం వస్తే ఫిల్ము తీయకుండా రంగు వేసి పంపించే ఇన్‌స్పెక్టరును నేను సహించేవాణ్ణి కాను. నా విషయంలో నేనే రంగు వేయించుకుని తిరిగాను. కాబట్టి ఆయనను నిందించలేను.

2023 ఫిబ్రవరిలో బయాప్సీ ఫలితం వచ్చింది. స్వరపేటిక క్యాన్సరు, మూడవ దశ.

అగనంపూడిలోని హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రికి వెళ్ళాము. అది ముంబయిలోని టాటా మెమోరియల్ సెంటరు ఆధ్వర్యంలో నడుస్తుంది. 1941లో దొరాబ్జీ టాటా ట్రస్టు వారు నెలకొల్పిన ఆ ఆసుపత్రి 1962లో అణుశక్తి శాఖ పరిపాలన క్రిందకు వచ్చింది. మాకు ఛాతీ మీద తగిలించుకునే డోసిమీటరు బాడ్జీలు, ఇరిడియం మూలాలు, భద్రతా శిక్షణ అన్నీ ఆ శాఖ గొడుగు క్రింది సంస్థల నుండే వచ్చేవి. ముప్పై ఏళ్ళు ఎవరి నిబంధనలకు లోబడి కిరణాల నుండి దూరంగా నిలబడ్డానో, వారి గుమ్మంలోనే కిరణాలు ఇమ్మని చేయి చాచి నిలబడ్డాను.

అక్కడి వైద్యురాలు వయస్సులో మా అమ్మాయి కంటె నాలుగైదేళ్ళు పెద్దది. కాగితాలన్నీ చూసి, "పొగ త్రాగుతారా?" అని అడిగింది.

ఇక్కడ కొంచెం ఆగి చెప్పాలి. నేను మా సంఘంలో డీకనును. యౌవనస్థుల కూటములలో దేహం దేవుని ఆలయమని ఎన్నో పర్యాయాలు ఉపదేశించినవాణ్ణి. 1991లో నైటు షిఫ్టులో నిద్ర ఆపుకోవడానికి మొదలుపెట్టిన సిగరెట్టును ముప్పై ఏళ్ళు విడువలేదు. ఎక్స్‌పోజరు జరుగుతున్నంతసేపూ తాళ్ళు కట్టిన హద్దుకు అవతల నిలబడాలి. చేతికి పనిలేని ఆ వేళలలో ఒక్కటి, డార్కురూములో నుండి ఇవతలకు రాగానే ఒక్కటి. ఇంటికి వెళ్ళేముందు రెండు లవంగాలు నోట్లో వేసుకునేవాణ్ణి. ఇంట్లో కాని, సంఘంలో కాని ఎవరికీ తెలియదని నా నమ్మకం.

వైద్యురాలి ప్రశ్నకు నేను నోరు తెరిచేలోగా నా భార్య జవాబు చెప్పింది.

"రోజుకు ఏడెనిమిదండీ. నైటు షిఫ్టయితే పది."

నేను ఆమె వైపు చూశాను. ఆమె నా వైపు చూడలేదు. వైద్యురాలు వ్రాసుకుంటున్న కాగితం వైపు, అంకె సరిగా పడిందో లేదో అన్నట్లు చూస్తూ ఉంది. ఆ విషయమై ఆ రోజు గాని, ఆ తరువాత గాని మా మధ్య ఒక్క మాట కూడా జరుగలేదు. ఎప్పుడైనా జరిగితే బాగుండునని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది.

స్వరపేటికను మొత్తంగా తీసివేయడం ఒక మార్గం. ప్రాణం దక్కుతుంది కాని సహజమైన కంఠం ఉండదు. ఊపిరికి మెడలో శాశ్వతంగా రంధ్రం ఉంటుంది. కిరణ చికిత్స, దానితో పాటు వారం వారం మందు ఎక్కించడం రెండవ మార్గం. 1991లో అమెరికాలోని మాజీ సైనికుల ఆసుపత్రులు ప్రచురించిన అధ్యయనంలో మందు, కిరణాలు కలిపి వాడినప్పుడు సుమారు మూడింట రెండు వంతుల మందిలో స్వరపేటికను దక్కించుకోగలిగారు. చికిత్సాక్రమం తరువాత మారినా, గొంతును నిలబెట్టవచ్చునన్న ధైర్యం వైద్యులకు అప్పుడే వచ్చింది. విచిత్రమేమంటే నేను సిగరెట్టు మొదలుపెట్టినది కూడా ఆ సంవత్సరమే. వైద్యులందరూ కలిసి కూర్చుని నాకు రెండవ మార్గం నిర్ణయించారు. ముప్పై అయిదు విడతలు, విడతకు 2 గ్రేలు, మొత్తం 70 గ్రేలు.

ఆ బుధవారం రాత్రి సంఘంలో నా కొరకు ప్రత్యేక ప్రార్థన పెట్టారు. ఒకరి తరువాత ఒకరు లేచి కన్నీళ్ళతో ప్రార్థించారు. ఒక సోదరుడు నన్ను యోబుతో పోల్చాడు. ఏ దోషమూ ఎరుగని నీ దాసునికి ఈ శోధన ఎందుకు వచ్చింది తండ్రీ అని అడిగాడు. ముందు వరుసలో తల వంచుకుని కూర్చున్న నాకు ఆ మాట సూదిలా గుచ్చుకున్నది. ఎందుకు వచ్చిందో నాకు తెలుసు. నా భార్యకు తెలుసు. ఒక అబద్ధం మీద ఇంతమంది మోకాళ్ళూని ఉన్నారు.

అప్పటికే నా గొంతు నాలుగు మాటలకు మించి పలకడం లేదు. పాటల పుస్తకంలో ఉన్న కాగితం మీద అయిదారు వాక్యాలు వ్రాసి అయ్యగారికి అందించాను. చదవమని సైగ చేశాను. ఆయన ఒకసారి తనలో చదువుకుని, "తప్పదా?" అన్నట్లు చూశారు. తప్పదన్నాను. ఆయన పైకి చదివారు.

ఆ నిశ్శబ్దం ఎంతసేపు ఉన్నదో చెప్పలేను. చివరకు వెనుక చాపల మీద నుండి, మన క్యాంటీనులో చాలా ఏళ్ళు పనిచేసి రిటైరైన ఒక ముసలావిడ గొంతు వినబడింది. "లవంగం వాసన ఎందుకొస్తదో తెలియనంత పసివాళ్ళమా బాబూ మేము? నువ్వు చెప్తావని చూశాము. సరే, చెప్పావు. ప్రార్థన కానివ్వండి అయ్యగారూ."

కొందరు నవ్వారు. నేను కూడా నవ్వబోయి దగ్గాను.

అంతా అంత తేలికగా పోలేదు. మా తోటి సంఘపెద్ద ఒకరు మరునాడు ఇంటికి వచ్చి, డీకను పదవి నుండి తప్పుకోవడం ధర్మమని నిష్కర్షగా చెప్పారు. జబ్బు మనిషితో ఈ మాట ఇప్పుడేనా అని నా భార్య బాధపడింది. నాకు మాత్రం ఆయన అన్నది న్యాయంగానే తోచింది. ఆ ఆదివారమే వ్రాసి ఇచ్చాను. అదే పెద్దమనిషి ఆ తరువాత ఏడు వారాలూ ప్రతి గురువారం తన కారులో నన్ను ఆసుపత్రికి తీసుకువెళ్ళాడు. దారిలో ఆయన మాట్లాడేవాడు కాదు, నేను మాట్లాడలేకపోయేవాణ్ణి. గాజువాక నుండి అగనంపూడి వరకు జాతీయ రహదారి మీద అంత హాయిగా ఎవరితోనూ ప్రయాణం చేసి ఎరుగను.

మా దూరపు బంధువు ఒకాయన మరొక రకం. ఒక సీసాలో అభిషేక తైలం తెచ్చి ఇచ్చి, కిరణాలు వద్దు, మందులు వద్దు, ఫలానా సేవకుని స్వస్థత కూటములకు రమ్మని, ఆసుపత్రికి వెళ్ళడం అవిశ్వాసమని గట్టిగా చెప్పాడు. ఆయన ప్రేమను శంకించను. తైలం తీసుకున్నాను, ఆయనతో కలిసి ప్రార్థించాను, మరునాడు ఉదయం ఆసుపత్రికి వెళ్ళాను. ఎవరెంత ప్రార్థించినా ఇరిడియం అర్ధాయువు 74 దినాలే. ఆ స్థిరత్వం కూడా దేవుడు పెట్టినదేనని నా విశ్వాసం. ఆయన పెట్టిన నియమాలను నేర్చుకుని వైద్యం చేస్తున్నవారిని తోసిపుచ్చి, నా ఒక్కడి కొరకు నియమం మార్చమని అడగడం ఇంజినీరుగా నాకు చేతకాలేదు. ఈ విషయంలో నాతో ఏకీభవించని విశ్వాసులు చాలామంది ఉన్నారని తెలుసు. కాని ఇటువంటి మాటలు విని చికిత్స మధ్యలో మానివేసినవారిని అక్కడ కళ్ళారా చూశాను గనుక దీనిని మెత్తగా చెప్పలేను.

ఇక సహాయం సంగతి. మన టైమాఫీసులో పనిచేసి రిటైరైన గుమాస్తా గారు మా సంఘ సభ్యులే. ఆయన తన పాత అలవాటు చొప్పున గళ్ళ కాగితం మీద ఏడు వారాలకు షిఫ్టు చార్టు వేసి ప్రార్థనా మందిరం నోటీసు బోర్డుకు అంటించారు. వాహనం ఎవరిది, ఆసుపత్రిలో తోడు ఎవరు, ఆహారం ఏ ఇంటి నుండి, రాత్రి మా ఇంట్లో పడుకునేది ఎవరు, అన్నీ గళ్ళలో ఉన్నాయి. 'రిలీవరు' అనే గడి కూడా పెట్టారు. రిలీవరు రానిదే ముందువారు కదలరాదని క్రింద ఎర్ర సిరాతో వ్రాశారు. మన షాపులో కూడా ఇంత క్రమంగా చార్టు నడిచిన జ్ఞాపకం నాకు లేదు.

ఆ చార్టు నోటీసు బోర్డు మీద ఉండటం వలన బయటివారు కూడా చూశారు. ప్రక్క క్వార్టరు వారు, సింహాచలం అప్పన్నకు మ్రొక్కుకునే కుటుంబం, "మా పేరెందుకు లేదు?" అని గుమాస్తా గారిని నిలదీసి మంగళవారం గడి సంపాదించారు. నా దగ్గర పాతికేళ్ళుగా రేడియోగ్రాఫరుగా ఉన్న ముస్లిం సోదరుడు రంజాను ఉపవాసంలో ఉండి కూడా శుక్రవారం ప్రొద్దున నన్ను తీసుకువెళ్ళి, మధ్యాహ్నం నమాజుకు పోయేముందు ఇంటి దగ్గర దించేవాడు. ఒకరోజు నేను ఆయాసంతో కూర్చుని ఉండగా, "సార్, మనం జనాన్ని రేడియేషన్‌కు దూరం పెట్టాలని తాళ్ళు కట్టాం ఇన్నాళ్ళు. ఇప్పుడు నేనే మిమ్మల్ని లోపలికి తోస్తున్నాను" అని కళ్ళు తుడుచుకున్నాడు.

ఆ లోపలి సంగతి చెప్పాలి. మొట్టమొదట ముసుగు చేస్తారు. అది ఒక రకం ప్లాస్టిక్ వల. వేడినీళ్ళలో మెత్తబడగానే తీసి ముఖం మీద, మెడ మీద, భుజాల మీద పరిచి అదుముతారు. కొద్ది నిమిషాలలో చల్లారి మన ఆకారానికే గట్టిపడుతుంది. ప్రతిరోజూ ఆ ముసుగుతో మనిషిని బల్లకు బిగిస్తారు. మింగడానికి, పెదవి కదపడానికి కూడా వీలుండదు. గది తలుపు మూసుకుంటుంది. లోపల ఉండేది మనిషి ఒక్కడే.

మా వృత్తిలో ఉన్నవారికి ఏడాదికి సగటున 20 మిల్లీసీవర్టులు దాటరాదని, ఏ ఒక్క సంవత్సరంలోను 30కి మించరాదని నియమం. ఇక్కడ ఒక్క పూటకు 2 గ్రేలు, అనగా 2000 మిల్లీగ్రేలు. కొలమానాలు వేరు. ఒకటి శరీరమంతటికీ వర్తించే పరిమితి, మరొకటి గొంతులో పిడికెడు చోటుకు గురిపెట్టిన మోతాదు. అది తెలిసి కూడా, రెండు అంకెలనూ ప్రక్కప్రక్కన పెట్టుకుని మొదటిరోజు ముసుగు క్రింద వణికాను. తెలిసినవాడికి భయం తక్కువ అంటారు. నాకైతే ఎక్కువే అయింది.

రెండవ రోజు నుండి ఒక ఉపాయం పట్టాను. యంత్రం గుండ్రంగా తిరగడం మొదలుకాగానే మనస్సులో ఒక కీర్తన ఎత్తుకునేవాణ్ణి. పల్లవి, చరణాలు, తాళం తప్పకుండా, పెదవి కదలకుండా. ఒక కీర్తన పూర్తయ్యేసరికి సరిగా తలుపు తెరుచుకునేది. బయట పాడుకున్న రోజులలో నా దృష్టి సగం నా గొంతు మీదే ఉండేది. ఎవరు వింటున్నారు, శ్రుతి నిలిచిందా, చివర సంగతి పడిందా అని. వినేవాడు లేని ఆ గదిలో, పాడలేని గొంతుతో, సాహిత్యం అర్థం మొదటిసారి పూర్తిగా విన్నాను.

సోమవారాలు మందు ఎక్కించేవారు. దాని పేరు సిస్‌ప్లాటిన్. ప్లాటినం లోహంతో తయారయ్యే పదార్థం. దాని పుట్టుక ఇంజినీరు సోదరులకు నచ్చుతుంది. 1965లో అమెరికాలో రోజెన్‌బర్గ్ అనే శాస్త్రజ్ఞుడు విద్యుత్ క్షేత్రంలో సూక్ష్మజీవులు ఎలా పెరుగుతాయో చూడబోతే, అవి విభజన మానివేశాయి. కారణం విద్యుత్తు కాదు, జడపదార్థమని నమ్మి వాడిన ప్లాటినం ఎలక్ట్రోడుల నుండి కరిగిన లవణమని తేలింది. ఆ పొరపాటులో నుండే ఈ మందు వచ్చింది. కథ ఎంత బాగున్నదో మందు అంత దుర్మార్గంగా ఉన్నది. వాంతులు, చెవులలో హోరు, నోట్లో ఇనుము నాకినట్లు రుచి. ఆరు విడతలకు అయిదే తట్టుకోగలిగాను.

కిరణాల గది ముందు బల్ల మీద నాకొక స్నేహం కుదిరింది. శ్రీకాకుళం జిల్లా సముద్రతీరపు పల్లె నుండి వచ్చిన ఒక అవ్వ. ఆమెకు అంగిలిలో క్యాన్సరు. చుట్టను నిప్పు ఉన్న వైపు నోట్లో పెట్టుకుని కాల్చే అలవాటు మన ఉత్తరకోస్తా స్త్రీలలో ఉన్నది. అడ్డపొగ అంటారు. సముద్రపు గాలికి నిప్పు ఆరకుండా, చేతులు పనిలో ఉండగా కాల్చుకునేందుకు వీలుగా ఉంటుందని చెబుతారు. దానివలన అంగిలికి వచ్చే జబ్బును గురించి విశాఖపట్నం, శ్రీకాకుళం ప్రాంతాలలో 1960ల నుండి వైద్యులు పరిశోధనలు చేశారు. ఆమెకు అవేవీ తెలియవు. తన తల్లి కాల్చింది, తానూ కాల్చింది.

మొదటి వారమే నన్ను అడిగింది. "నువ్వు కూడా కాల్సినావేటి బాబూ?"

అవునని తల ఊపాను.

"దొంగసాటుగానా?"

మళ్ళీ తల ఊపాను.

"నేను మా ఊరందరి ముందరే కాల్సినాను. దాసడానికేటుంది" అని, ఎండిన పెదవులతో నవ్వింది. ముప్పై ఏళ్ళ నా రహస్యం ఆమె ముందు ఎంత చిన్నదైపోయిందో చెప్పలేను. ఆమెకు మా సంఘం వంటిది లేదు. పదహారేళ్ళ మనుమడు ఒక్కడే తోడు. మా ఆడవారు ఈ సంగతి తెలుసుకుని చార్టులో ఏ గడీ లేకుండానే రెండవ క్యారేజి పంపడం మొదలుపెట్టారు. ఆమె తమ ఊరి అమ్మవారికి మ్రొక్కుకునేది. నా కొరకు కూడా మ్రొక్కానని ఒకరోజు చెప్పింది. నేను ప్రతి రాత్రీ ఆమె పేరు చెప్పి ప్రార్థించాను.

నాలుగవ వారానికి నాకు మంచినీళ్ళు కూడా దిగలేదు. ముక్కులో నుండి పొట్టలోకి గొట్టం వేశారు. రాగిజావ, పప్పుకట్టు, పండ్ల రసం, అన్నీ పలుచని గుడ్డలో వడకట్టి సిరంజితో ఎక్కించాలి. పలుకులు వస్తే గొట్టం మూసుకుపోతుంది. ఏ ఇంటి జావ మెత్తన, ఏ ఇంటి జావకు రెండోసారి వడపోత కావాలో నా భార్యకు కంఠతా వచ్చేసింది. స్త్రీల సమాజంలో ఈ వడపోత విషయమై చిన్న తగాదా కూడా జరిగిందని తరువాత విన్నాను.

ఏప్రిల్ 7 శుభశుక్రవారం. ఆ రోజు ఆసుపత్రికి సెలవు. మా సంఘంలో సిలువ మీది ఏడు మాటల ధ్యానం మూడు గంటలు జరుగుతుంది. ఇరవై ఏళ్ళుగా ఆ ఆరాధనలో కీర్తనలన్నీ నేనే ఎత్తుకునేవాణ్ణి. వెళ్ళనన్నాను. ముక్కుకు గొట్టం, మెడ మీద కాలిన చర్మం నల్లగా ఊడుతూ, బరువు పదకొండు కిలోలు తగ్గి, ఆ రూపంతో నలుగురిలోకి వెళ్ళడం నాకు ఇష్టం లేకపోయింది. నా భార్య ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా మంచం మీద పెట్టి, "గుండీలు మెడ దాకా పెట్టనక్కరలేదు లెండి" అన్నది. అంతే.

చివరి వరుసలో కుర్చీ వేశారు. మొదటి కీర్తన వేళ కాగానే అలవాటు చొప్పున ఊపిరి తీసుకున్నాను. గాలి వచ్చింది, ధ్వని రాలేదు. నాకు బదులుగా పందొమ్మిదేళ్ళ కుర్రవాడు, మన సంస్థలోనే కాంట్రాక్టు వెల్డరు, ఎత్తుకున్నాడు. శ్రుతి ఒక మెట్టు పైన పట్టాడు. ఆ పైస్థాయిలో చరణం అందదని నాకు తెలుసు. అందలేదు కూడా. అందని చోట వాడు ఆగిపోతే, సంఘమంతా ఒక్కసారిగా అందుకుని లాక్కుపోయింది. నేను పాడిన ఇరవై ఏళ్ళలో వారు అంత గట్టిగా పాడగా ఎన్నడూ వినలేదు. వారి పాట నేను విన్నదెప్పుడు గనుక, నా పాట నేను వినడమే కాని.

విశ్వాసం వలన నాకు భయం పోయిందని వ్రాస్తే అది ఇంకొక లవంగం అవుతుంది. పోలేదు. రాత్రి రెండు గంటలకు నోటినిండా జిగట ఉమ్మితో లేచి కూర్చుని, దేవుడు ఉన్నాడా అన్న చోటుకు కూడా వెళ్ళి వచ్చాను. చార్టు ప్రకారం ఆ రాత్రి పడుకోవడానికి వచ్చినవారు ఎవరైతే వారు లేచి దీపం వేసి ఒక కీర్తన అధ్యాయం చదివేవారు. కొందరు బాగా చదివేవారు, కొందరు తడబడుతూ. నా తరపున నమ్మే పని కూడా షిఫ్టుల వారీగా వారే చేశారనిపిస్తుంది. అటువంటి ఒక రాత్రి మన ఊరికే మొదట వచ్చిన మిషనరీలు గుర్తుకు వచ్చారు. క్రాన్, డిగ్రాంజెస్ అనే ఇద్దరు 1805లో విశాఖపట్నం చేరారు. తెలుగు నేర్చుకుని, ఆనందరాయర్ అనే తెలుగువాని సహాయంతో సువార్తల అనువాదం చేపట్టారు. ఒకరు 1809లో, మరొకరు 1810లో ఈ ప్రాంతంలోనే జబ్బుపడి చనిపోయారు. మూడు సువార్తలు 1812లో శ్రీరాంపురంలో అచ్చయ్యాయి. వారు చూడలేదు. వారు కూడా స్వస్థత కొరకు ప్రార్థించే ఉంటారు గదా అనుకుంటూ ఆ రాత్రి తెల్లవారేదాకా కూర్చున్నాను.

సెలవులు కలుపుకుని ఏప్రిల్ చివరి వారంలో ముప్పై అయిదవ విడత పూర్తయింది. అవ్వ అప్పటికి పది రోజులుగా రావడం లేదు. ముసుగు ఇంటికి తీసుకువెళతారా అని అడిగారు. తీసుకువెళ్ళాను. జూలైలో పెట్ స్కాను తీశారు. ఫిల్ములు చదివే వృత్తి గనుక నివేదిక రాకముందే తెరమీద బొమ్మలు చూపించమన్నాను. గొంతు దగ్గర ఏమీ వెలగడం లేదు.

మరుసటి ఆదివారం సంఘంలో సాక్ష్యం చెప్పమన్నారు. సరిగ్గా ఆ వారమే అవ్వ మనుమడు ఫోను చేశాడు. జూన్‌లోనే పోయిందట. క్యారేజి గిన్నె ఒకటి వాళ్ళ దగ్గర ఉండిపోయిందని, ఎలా పంపాలో చెప్పమని ఫోను చేశాడు.

ఇద్దరి కొరకూ ఒకే నోటితో ప్రార్థించాను. ఇద్దరమూ ఒకే గది ముందు కూర్చున్నాం. ఆమె జబ్బు ముదిరి వచ్చింది, నాది కొంత ముందుగా పట్టుబడింది, నాకు రిఫరల్ లెటరు, జీతం, షిఫ్టు చార్టు ఉన్నాయి. ఇంజినీరుగా నాకు తేడా తెలుసు. విశ్వాసిగా ఆ తేడాను దేవుని లెక్కలో ఎక్కడ వేయాలో తెలియదు. అందుచేత సాక్ష్యంలో నన్ను దేవుడు స్వస్థపరిచాడని ఒక్క వాక్యం చెప్పి, మిగిలిన సమయమంతా ఆమెను గురించి చెప్పాను. కొందరికి అది నచ్చలేదు. సాక్ష్యమంటే సంతోషంగా ఉండాలి గదా అన్నారు. వారిదీ తప్పు కాదు.

ఈ వ్యాసం వ్రాస్తున్న నాటికి చికిత్స ముగిసి రెండేళ్ళు దాటాయి. తిరిగి వచ్చే ప్రమాదం మొదటి రెండేళ్ళలో ఎక్కువని, అయిదేళ్ళు దాటితే నిశ్చింతగా ఉండవచ్చునని అంటారు. ఆ లెక్కన ఇంకా 2028 వరకు ఆగాలి. నోటిలో లాలాజలం తక్కువ. నీళ్ళ సీసా లేనిదే సమావేశంలో కూర్చోలేను. మాటకు మాట గీరుతున్నట్లు ఉంటుంది, మీరందరూ వింటున్నదే. షాపులో రాత్రి షిఫ్టు పిల్లలు హద్దు తాళ్ళ దగ్గర సిగరెట్టు వెలిగిస్తూ నన్ను చూసి దాచుకుంటారు. నేను వారికి ఉపన్యాసం ఇవ్వను. దగ్గరకు వెళ్ళి, "టైమెంతయింది?" అని నా గొంతుతో అడుగుతాను.

ఆదివారాలు కీర్తన ఎత్తుకునేది ఆ వెల్డరు కుర్రవాడే. నాకు తాళాలు ఇచ్చారు. వాడు ఇప్పటికీ శ్రుతి ఒక మెట్టు పైనే పడతాడు. మొదటి చరణం దగ్గరకు వచ్చేసరికి నా వైపు చూస్తాడు. నేను తాళం కొంచెం నిదానం చేస్తాను.